మేత లేని చేపల పథకం

మంత్రిగారి చేపలు చిక్కిపోయాయి.

వార్త పొద్దున్నే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి పి.ఏ. మంచినీళ్లు కూడా ముట్టలేదు. తిండి లేకుండా చేపలు బతకడం ప్రభుత్వ విజయం. తిండి లేకుండా పి.ఏ. బతకడం మామూలు విషయం కాబట్టి దాన్నెవరూ గమనించలేదు.

సాయంత్రం నాలుగింటికి పెద్దాయన వస్తున్నారు. పెద్దాయనంటే ప్రభుత్వం మొత్తాన్ని నడిపే మనిషి. ఆయన పరిశోధన కేంద్రానికి వచ్చి, ఈ చేపలున్న తొట్టి పక్కన నిలబడి, 'మేత లేని చేపల పథకం' ప్రారంభిస్తారు. ఆ క్షణం నుంచి చేపల రైతులకి ప్రభుత్వం సగం ధరకిచ్చే మేత ఆగిపోతుంది. దాని బదులు తలా ఒక చిన్న సీసా ఇస్తారు. సీసాలో బాక్టీరియా ఉంటుంది. సీసా మీద మంత్రిగారి బొమ్మ ఉంటుంది. బాక్టీరియా కంటికి కనపడదు కనక బొమ్మ కాస్త పెద్దదే వేయించారు.

అలాంటి రోజున, ఆ సీసాకి సాక్ష్యంగా నిలవాల్సిన చేపలు తొట్టి అడుగున పడి ఉన్నాయి. మత్స్యశాఖ మంత్రిగారు అద్దానికి ముక్కు ఆనించి చూశారు. ఒక్కటీ లేవలేదు.

"ఇవి నా చేపలేనా?" అన్నారు.

"మీవే సార్," అన్నాడు పి.ఏ.

"నేను పర్యటనకి వెళ్లేముందు ఇంతింత లావున్నాయి కదయ్యా! ఇప్పుడు ముళ్లు లెక్కపెట్టేట్టున్నాయి. ఎవరో చేతబడి... కాదు, అది అశాస్త్రీయం. కుట్ర. ఎవరో కుట్ర చేశారు."

"శాస్త్రీయంగా చెప్పారు సార్."

"దోషి పేరు సాయంత్రానికి నాకు కావాలి. పెద్దాయన ముందు, మైకులో, ఆ పేరు చదివించాలి."

"దొరక్కపోతే సార్?"

మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నిర్ణయాల దగ్గర ఆయనది అంత వేగం. "దొరక్కపోతే బాక్టీరియాని కనిపెట్టిన ఆవిడ పేరు చదివించు. ఆవిణ్ని పీకేసి, ఆ ల్యాబు మూసేద్దాం."

ఆ కనిపెట్టినావిడ పి.ఏ.కి సొంత వదిన.

*

అసలు ఈ బాక్టీరియా మంత్రిగారి దాకా వచ్చింది పి.ఏ. ద్వారానే. ఒక ఆదివారం అన్నగారింట్లో భోజనాల దగ్గర వదిన మాటల్లో మాటగా చెప్పింది. చేప పేగులో కొత్త బాక్టీరియా ఒకటి కనిపించిందట. మేతలో చేపకి అరగని పీచు ఉంటుంది. ఈ బాక్టీరియా ఆ పీచుని విరగ్గొట్టి చేపకి బలంగా మారుస్తుంది. దాంతో చేప జీవక్రియ మెరుగుపడి, కొంచెం తక్కువ మేతతో కూడా అంతే పెరుగుతుంది. ఆ ఒక్క 'కొంచెం' కోసం ఆవిడ తొమ్మిదేళ్లు పేగులు కోసింది. ఆ తొమ్మిదేళ్లూ ఆవిడ పక్కన కూచుని అన్నం తిన్న అన్నగారికి ఇంట్లో అందరూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటారు.

పి.ఏ. మర్నాడే ఆ సంగతి ఒక కాగితం మీద టైపు చేయించి మంత్రిగారి ముందు పెట్టాడు. "కొంచెం తక్కువ మేతతో చేపలు పెరుగుతాయి" అని ఉంది అందులో.

మంత్రిగారు విలేకరుల ముందు కూచుని ఆ వాక్యాన్ని చూశారు. రాజకీయ జీవితంలో ఆయన ఏనాడూ 'కొంచెం' అన్న మాట వాడలేదు. కొంచెం రోడ్లు వేస్తాం, కొంచెం నీళ్లిస్తాం అని చెప్పి గెలిచినవాడెవడు? కాబట్టి ఆ మాట కొట్టేశారు. మిగిలిన 'తక్కువ' మరీ తక్కువగా కనిపించింది. అదీ కొట్టేశారు. ఇక మిగిలింది 'మేతతో చేపలు పెరుగుతాయి'. ఇది చెప్పడానికి మంత్రి ఎందుకు? ఆయన కలం పెట్టి చిన్న సవరణ చేశారు.

"మేత లేకుండా చేపలు పెరుగుతాయి!" అని ప్రకటించారు.

హాలు చప్పట్లతో మార్మోగింది. వదిన ఫోను ఆ చప్పట్లలోనే మోగింది.

"ఏమయ్యా మరిదిగారూ, మేత లేకుండా ఏమిటి? ఆ బాక్టీరియా పని అరిగించడం. అరిగించడానికి లోపల ఏదో ఒకటి పడాలా వద్దా?"

"వదినా, అది విధాన నిర్ణయం."

"విధానం నీ దగ్గర పెట్టుకో. చేప దగ్గర పొట్ట ఉంది."

అయితే మహానుభావుల విషయంలో ప్రకృతి కూడా తలవంచుతుంది. పరిశోధన కేంద్రంలో రెండు తొట్లు పెట్టారు. ఒకదానిలో చేపలకి మామూలుగా మేత. రెండో దానిలో బాక్టీరియా మాత్రమే, మెతుకు లేదు. వారం తిరిగేసరికి మేత లేని తొట్టిలో చేపలు నిగనిగలాడాయి. నెల తిరిగేసరికి మేత తింటున్న వాటికంటే బొద్దుగా తయారయ్యాయి. వదిన కళ్లారా చూస్తానని వచ్చింది. కానీ అప్పటికే తొట్ల హాలుకి కాపలా పెట్టి, పాసులున్నవాళ్లనే పంపుతున్నారు. పాసులు శాసనసభ్యులకి, వ్యాపారవేత్తలకి, పార్టీ శాఖల అధ్యక్షులకి ఇచ్చారు. కనిపెట్టినవాళ్లకి పాసిచ్చే కోటా ఏదీ లేదు. వదిన వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాత మంత్రిగారు ఈ విజయాన్ని చాటడానికి ఊరూరా పర్యటనకి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ తొట్టికి గట్టి అద్దపు మూత వేయించి, తాళం పెట్టించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. నిన్న రాత్రి తిరిగొచ్చారు. ఈ పొద్దున చూస్తే ఇదీ పరిస్థితి.

*

దర్యాప్తుకి వచ్చిన పోలీసు అధికారి చాలా చురుకైనవాడు. వస్తూనే పక్క తొట్టిలో బలిసి తిరుగుతున్న చేపల్ని అనుమానంగా చూశాడు. తర్వాత పి.ఏ.ని మూలకి తీసుకెళ్లాడు.

"నాకొక అనుమానం. ఇవి నిరాహారదీక్ష చేస్తున్నాయేమో?"

"ఎవరు, చేపలా?"

"ప్రతిపక్షం రెచ్చగొట్టి ఉండొచ్చు."

"వాటికి మనం ఆహారమే పెట్టడం లేదు కదండీ. పెట్టని ఆహారాన్ని ఎలా మానేస్తాయి?"

అధికారి ఆలోచించాడు. "చట్టంలో నిషేధమేమీ లేదు," అన్నాడు.

రెండో అనుమానం, బాక్టీరియాని ఎవరో దొంగిలించారని. అది తేల్చడానికి వదినని పిలిపించారు. అలా ఆవిడకి మొట్టమొదటిసారి తొట్ల హాల్లోకి పాసు దొరికింది. పాసు మీద 'అనుమానితురాలు' అని ఉంది. ఆవిడ దాన్ని మెళ్లో వేసుకుని, తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చింది.

"మొత్తం ఎన్ని బాక్టీరియాలున్నాయమ్మా?" అన్నాడు అధికారి.

"ఒక్కో చేపలో కోటానుకోట్లు."

"వాటిలో కొన్ని తగ్గితే మీరు గుర్తుపట్టగలరా? పేర్లూ అవీ..."

వదిన అతన్ని జాలిగా చూసింది. మంత్రిగారి దగ్గర తాళంచెవి తెప్పించి, ఒక చేపని వలతో పట్టించి, తన ల్యాబుకి తీసుకెళ్లింది. గంటలో తిరిగొచ్చింది. అప్పటికి మంత్రిగారు కూడా హాల్లోనే ఉన్నారు.

"బాక్టీరియా బంగారంలా ఉంది," అంది. "ఒక్కటీ పోలేదు. పనివాళ్లందరూ పనిలోకి వచ్చి కూచున్నారు, కానీ చేయడానికి పని లేదు. పేగు ఖాళీ."

"ఖాళీగానే ఉండాలి కదా!" అన్నారు మంత్రిగారు గర్వంగా. "మనది మేత లేని చేప."

"సార్, ఖాళీ పేగుతో చేప చిక్కిపోతుంది. ఇప్పుడు చిక్కిపోయింది. అందులో వింతేం లేదు. అంతకుముందు బలిసింది చూశారూ, అదీ వింత. అంటే అప్పట్లో ఈ తొట్టిలో ఎవరో మేత వేశారు. ఈ మధ్యే మానేశారు."

దర్యాప్తు మొత్తం ఒక్కసారి తలకిందులైంది. పొద్దుట్నుంచీ చేపల్ని మాడ్చినవాడి కోసం వెతుకుతున్నారు. వెతకాల్సింది తిండి పెట్టినవాడి కోసమట!

మంత్రిగారి ముఖం జేవురించింది. "ఎవడు? నా చేపలకి తిండి పెట్టిన ద్రోహి ఎవడు? వాణ్ని వదలను! అన్నం పెట్టి నా కొంప ముంచుతాడా? పట్టుకోండి వాణ్ని!"

ఇలా అని ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్లారు.

*

పి.ఏ. వదినని పంపించడానికి వరండాలోకి వచ్చాడు. వెనకే అధికారి వచ్చాడు. వరండా గోడ పొడుగునా పత్రికల్లో వచ్చిన ఫొటోలు పెద్దవి చేయించి, అద్దాలు కట్టించి తగిలించారు. పి.ఏ. స్వయంగా ఎంపిక చేసినవే. శాసనసభ్యులతో మంత్రిగారు. వ్యాపారవేత్తలతో మంత్రిగారు. పార్టీ శాఖల అధ్యక్షులతో మంత్రిగారు. మనుషులు మారారు గానీ భంగిమ మారలేదు. తొట్టి మీదకి చాచిన కుడిచెయ్యి, కింద నీళ్లు చిమ్ముకుంటూ నోళ్లు తెరుచుకుని ఎగిరే చేపలు. ప్రతి ఫొటోలోనూ ఆ చేతి కింద సన్నగా ఏదో రాలుతోంది.

వదిన మొదటి ఫొటో ముందు ఆగింది. రెండో దాని దగ్గరికి నడిచింది. చివరి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. ఫొటో ఫొటోకీ చేపలు లావెక్కుతున్నాయి.

"ఇది ఏ తొట్టయ్యా?"

"మన తొట్టే."

"మేత తొట్టి దగ్గర తీయించావనుకున్నానే! రెండూ ఒకేలా ఉంటాయి కదా అని."

"దాని దగ్గర వెలుతురు బాగుండదని ఫొటోగ్రాఫర్ అన్నాడు వదినా. ఇక్కడైతే కిటికీ ఉంది."

"మరి ఆ చేతిలోంచి పడేదేమిటి?"

"అది... మేత కాదు. అంటే మేతే గానీ, మేతగా వేసింది కాదు. ఫొటో కోసం. ఏమీ వేయకపోతే చేపలు పైకి రావు. ఉత్త నీళ్ల మీద చెయ్యి చాపి నిలబడితే మంత్రిగారు తుమ్మబోతున్నట్టు పడుతున్నారు."

"రోజుకెన్ని ఫొటోలు?"

"వచ్చినవాళ్లందరికీ విడివిడిగా... ఒక్కో బృందానికీ నాలుగైదు సార్లు... కళ్లు మూసుకున్నారని మళ్లీ ఒకసారి..."

చెబుతూ చెబుతూ అతను తన చేతి వంక చూసుకున్నాడు. మేత పొట్లం మంత్రిగారి చేతికి అందించిన చెయ్యి తనది. అయినా ఇన్నాళ్లూ అతని బుర్రలో ఆ రెండూ కలవలేదు. మేత వేయడం వేరు, ఫొటో దిగడం వేరు. ప్రభుత్వంలో ఈ రెండూ ఒకటే అని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. మొక్క నాటే ఫొటోకీ అడవికీ సంబంధం పెట్టుకుంటామా?

అధికారి అప్పటికే గోడ మొత్తం చూసేశాడు. అతనికి విషయం పూర్తిగా అర్థమైందని చెప్పడానికి ఒకటే గుర్తు. అతను తలెత్తి పైకప్పు వంక చూడటం మొదలుపెట్టాడు.

"ఫొటోలు చాలా బాగున్నాయి," అన్నాడు.

"దోషి తెలిసిపోయాడుగా," అంది వదిన. "చదవండి పేరు."

"ఎవరమ్మా? నాకేం తెలియలేదు. దర్యాప్తు కొనసాగుతోంది. నాలుగింటిదాకా ఎవరూ తేలకపోతే మీ పేరు చదవమని ఆదేశం. నాకూ పిల్లలున్నారు."

వదిన మరిది వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

"నేనా? రేపట్నుంచి నేను మీ ఇంట్లోనే పడి తినాలి."

"ఇప్పుడు మాత్రం ఎక్కడ తింటున్నావు? సరే, నేనే చెబుతాను."

"మీరు చెబితే ఉద్యోగం పోతుందన్న అక్కసుతో అన్నారంటారు. ల్యాబుకి తాళం ఒక గంట ముందే పడుతుంది."

ఆవిడ కోటు జేబుల్లోంచి చేతులు తీసింది. వేళ్ల చివర్లు మందుల మరకలతో పసుపుపచ్చగా ఉన్నాయి. "ల్యాబు పోతే పోనీ అనుకుందాం," అంది, ఈసారి మెల్లగా. "రేపట్నుంచి రైతులు మేత మానేసి చెరువుల్లో సీసాలు వంపుతారు. నెల తిరిగేలోపల చేపలన్నీ ఇలాగే అడుగున పడుంటాయి. నా బాక్టీరియా పేరు చెప్పి! నువ్వు చెప్పవు, నన్ను చెప్పనివ్వవు, ఈయనకి పైకప్పు నచ్చింది. మరెవరు చెప్పాలయ్యా? చేపలు చెబుతాయా?"

పి.ఏ. వదినని చూశాడు. గోడ మీద నోళ్లు తెరుచుకున్న చేపల్ని చూశాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి అతనికి ఆకలేసింది.

"వదినా," అన్నాడు, "చేపలకి జ్ఞాపకం ఉంటుందా?"

"తిండి పెట్టిన చెయ్యి మర్చిపోవు. మనుషుల్లా కాదు."

*

గుర్తింపు పెరేడ్ ఆలోచన మంత్రిగారికి తెగ నచ్చింది. అనుమానితులందరూ వరసగా తొట్టి మీద చెయ్యి చాపాలి. చేపలు ఎవరి చేతికి ఎగబడితే వాడే ద్రోహి.

"చేపల సాక్ష్యం చట్టంలో చెల్లదేమో సార్," అన్నాడు అధికారి, చెమట తుడుచుకుంటూ.

"చట్టం సంగతి నేను చూసుకుంటాను. పెద్దాయన కళ్లముందే జరిపిద్దాం. పత్రికలవాళ్లు, టీవీలవాళ్లు అందరూ ఉండాలి. ద్రోహి ముఖం దేశమంతా చూడాలి!"

నాలుగు దాటాక పెద్దాయన వచ్చారు. ఆయన తక్కువ మాట్లాడతారు, తక్కువ నవ్వుతారు. తొట్టిలోకి ఒకసారి చూసి, "ఇవేనా?" అన్నారు. ఆ ఒక్క మాటకే హాలంతా చల్లబడింది. మంత్రిగారు మైకు అందుకుని కుట్ర సంగతంతా వివరించారు. శాస్త్ర ప్రపంచంలోనే మొదటిసారిగా నేరస్తుణ్ని చేపలు పట్టిస్తాయని ప్రకటించారు. తాళం తీసి మూత ఎత్తించారు. పెరేడ్ మొదలైంది.

కాపలావాడు చెయ్యి చాపాడు. చేపలు కదల్లేదు.

తొట్టి కడిగే మనిషి చాపాడు. కదల్లేదు.

వదిన చాపింది. ఆమె చేతిలో వాటికి వల జ్ఞాపకం వచ్చినట్టుంది, ఉన్నచోటు నుంచి ఇంకో మూలకి జరిగాయి. పార్టీ కార్యకర్తలు నిరాశగా నిట్టూర్చారు. పత్రికలకి ఇచ్చే ప్రకటనలో ఆవిడ పేరు అప్పటికే అచ్చయిపోయింది మరి.

పి.ఏ. చాపాడు. ఒక చిన్న చేప కొంచెం తలెత్తి, తనకి కావాల్సిన మనిషి వెనకాల ఉన్నాడన్నట్టు చూసి, మళ్లీ పడుకుంది. అధికారి కూడా చాపాడు. పైకప్పు వంక చూస్తూ చాపాడు.

"ఇంకెవరూ లేరా?" అన్నారు పెద్దాయన.

"అందరూ అయిపోయారండీ," అన్నాడు అధికారి గబగబా.

పి.ఏ. వినయంగా గొంతు సవరించుకున్నాడు. "సార్, మీరు కూడా ఒకసారి పెడితే బావుంటుంది. ఫొటోకి. పెద్దాయన పక్కన ఇప్పటిదాకా ఒక్కటీ పడలేదు."

మంత్రిగారు చొక్కా సర్దుకున్నారు. జుట్టు దువ్వుకున్నారు. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా ఒక అడుగు పక్కకి జరిగి, అలవాటైన భంగిమలో కుడిచెయ్యి చాచారు.

తొట్టి పేలినంత పనైంది. అడుగున చచ్చినట్టు పడున్న చేపలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఒకదాని మీదెక్కి ఒకటి, నోళ్లు బార్లా తెరుచుకుని, ఆ చేతి కిందికి ఎగబడ్డాయి. పెద్దాయన కోటు తడిసింది. కెమెరాలన్నీ టకటకమన్నాయి. వెనక వరసలో కార్యకర్తలు జిందాబాద్‌లు అందుకున్నారు. ఏం జరిగిందో తెలియకపోయినా అందుకోవడం వాళ్ల శిక్షణ.

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. చేపలు తనని గుర్తుపట్టాయి! ఓటర్లు కూడా ఇంత ఆప్యాయంగా ఎన్నడూ రాలేదు. ఆయన చెయ్యి తీయలేదు.

పెద్దాయన తడిసిన చేతిని జేబురుమాలుతో తుడుచుకున్నారు. "ఈ తొట్టిలో మేత వేసినవాడు దోషి అన్నావు కదయ్యా?" అన్నారు, తాపీగా. "అయితే ఎవరు వేశారు?"

అధికారి మళ్లీ పైకప్పు వంక చూశాడు. వదిన నోరు తెరవబోయింది. పి.ఏ. ఆమె కాలు సున్నితంగా తొక్కాడు. జిందాబాద్‌ల హోరులో మంత్రిగారికి ఆ ప్రశ్న వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏమంటున్నారోయ్?" అని పి.ఏ.ని అడిగారు.

పైవాళ్ల ప్రశ్నల్ని మంత్రిగారు జవాబు చెప్పగలిగే భాషలోకి మార్చి అందించడమే పదకొండేళ్లుగా పి.ఏ. ఉద్యోగం. అతను మైకు తెచ్చి మంత్రిగారి నోటి ముందు పట్టుకున్నాడు.

"ఈ చేపల్ని సాకిన ఘనత ఎవరిదని అడుగుతున్నారు సార్."

ఘనత అన్న మాట చెవిన పడ్డాక మంత్రిగారికి ఇంక వెనకా ముందూ కనపడవు. ఆయన మైకు లాక్కున్నారు.

"ఇందులో ఇంకొకరికి వాటా లేదు!" అన్నారు, కెమెరాల వైపు తిరిగి. "అధికారులకి లేదు, ఆ ల్యాబులో ఉండే ఆవిడకి లేదు, ఆ మాటకొస్తే బాక్టీరియాకి కూడా లేదు! రోజూ ఇక్కడికి వచ్చి, ఇదిగో ఈ తొట్టి పక్కనే నిలబడి, ఇదిగో ఈ కుడిచేత్తో, గుప్పెళ్లకి గుప్పెళ్లు మేత వేసి వీటిని పెంచింది ఎవరనుకుంటున్నారు? ఎవరో ఎందుకు, రాసుకోండి... నేనే!"